ఇంజన్ బ్లాకు, గుండ్రదనం, అశ్వశక్తి: సిలిండరు రంధ్ర నిర్మాణ చరిత్ర (1775–1983)

వ్యాస సంగ్రహం

ఇంజన్ల శక్తి ఎలా పెరిగిందో చెప్పే చరిత్రలు ఎక్కువగా ఇంధనం, గాలి, పీడనం చుట్టూ తిరుగుతాయి. ఆ శక్తిని భరించే పోత ఇనుప దిమ్మెను, అంటే ఇంజన్ బ్లాకును, తొలిచి, సానపట్టి, సిద్ధం చేసిన పని వాటిలో అంచునే ఉండిపోయింది. 1775లో విల్కిన్సన్ తొలిచిన ఆవిరియంత్రపు సిలిండరు మొదలుకొని 1983లో ప్రపంచ విజేతగా నిలిచిన బి.ఎం.డబ్ల్యు. టర్బో ఇంజన్ వరకు కొన్ని ఘట్టాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గుండ్రదనం అనే భావన ఈ కాలంలో మూడు దశల్లో మారిందని ప్రతిపాదిస్తుంది. అవి: విడిగా ఉన్న సిలిండరు గుండ్రదనం, బిగించిన సిలిండరు గుండ్రదనం, పనిచేస్తున్న సిలిండరు గుండ్రదనం.

కీలక పదాలు: ఇంజన్ బ్లాకు, పోత ఇనుము, బోరింగు, హోనింగు, అంతర్గత ఒత్తిడి, టార్క్ ప్లేటు, అశ్వశక్తి, సాంకేతిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

అశ్వశక్తి అనే కొలమానాన్ని స్థిరపరచినవాడు జేమ్స్ వాట్. నిమిషానికి 33,000 అడుగు-పౌనుల పని జరిగితే అది ఒక అశ్వశక్తి. గుర్రాలతో నడిచే మిల్లుల యజమానులకు తన ఆవిరియంత్రపు విలువ తెలియజెప్పడానికి ఆయన ఈ లెక్కను వాడుకున్నాడు. పాఠ్యపుస్తకాలు వాట్ పేరును, ఆయన కొలమానాన్ని తప్పక చెబుతాయి. ఆయన యంత్రానికి తగిన రంధ్రాన్ని ఇనుములో తొలిచిన జాన్ విల్కిన్సన్ పేరు మాత్రం సాంకేతిక చరిత్ర చదివినవారికే పరిచయం. ఈ అసమానత వాట్ కాలంతో ముగియలేదు. తరవాతి రెండు శతాబ్దాల ఇంజన్ చరిత్రలోనూ రూపకర్త పేరు నిలిచింది, రంధ్రాన్ని సిద్ధం చేసిన కార్ఖానా పేరు చాలావరకు మరుగున పడింది.

ఇంజన్ బ్లాకు అనేది ఒక పెద్ద పోత. పిస్టన్లు కదిలే సిలిండర్లు, క్రాంక్‌షాఫ్టును మోసే మెయిన్ బేరింగుల పీఠాలు, నీరు, నూనె ప్రవహించే దారులు అన్నీ అందులోనే ఉంటాయి. తెలుగునాట లారీలు, ట్రాక్టర్లు నడిపేవారికి ఈ వస్తువు కొత్తది కాదు. ఇంజన్ పొగ వదులుతూ నూనె తాగుతున్నదంటే బోరు చేయించడం, స్లీవు వేయించడం, హోనింగు చేయించడం అనే మాటలు వెంటనే వస్తాయి. విజయవాడలోని జవహర్ ఆటోనగర్ వంటి చోట్ల ఈ పనులు నిత్యకృత్యాలు. ఆ మాటల వెనుక ఉన్న దీర్ఘ చరిత్రను, అందులో గుండ్రదనం అనే భావన పొందిన పరిణామాన్ని వివరించడమే ఈ వ్యాస ఉద్దేశం.

గుండ్రదనం గణితంలో సులభమైన భావన. కేంద్రం నుండి సమదూరంలో ఉన్న బిందువుల సముదాయమే వృత్తం. ఇనుములో మాత్రం అది ఎప్పటికీ పూర్తికాని పని. పోత చల్లారినప్పుడు ఒక ఆకారం, బోల్టులు బిగించినప్పుడు మరో ఆకారం, వేడెక్కి పీడనం పడినప్పుడు ఇంకో ఆకారం వస్తాయి. వీటిలో ఏ స్థితిలో రంధ్రం గుండ్రంగా ఉండాలన్నదే ఈ చరిత్రలోని మూలప్రశ్న.

2. వాట్ అవసరం, విల్కిన్సన్ సమాధానం

థామస్ న్యూకొమెన్ ఆవిరియంత్రం 1712లో ఇంగ్లండులోని డడ్లీ సమీపంలో పనిచేయడం మొదలుపెట్టింది. దాని సిలిండరు కచ్చితంగా గుండ్రంగా ఉండనవసరం లేదు. పిస్టన్ అంచున తోలు పట్టీ ఉండేది, దానిపైన కొంత నీరు నిలిపేవారు. సందులు ఉన్నా నీరు వాటిని మూసివేసేది. ఆవిరిని ఘనీభవింపజేయడానికి సిలిండరులోకి ఎలాగూ చన్నీళ్లు చిమ్మేవారు కనుక పైనుండి మరికొంత నీరు కారినా నష్టం లేదు.

వాట్ 1765లో ఊహించి, 1769లో పేటెంట్ పొందిన ప్రత్యేక కండెన్సరు ఈ సర్దుబాటును భంగపరిచింది. ఆవిరిని వేరే పాత్రలో చల్లబరచి, సిలిండరును ఎప్పుడూ వేడిగా ఉంచడం ఆయన సూత్రం. వేడి సిలిండరులో పిస్టన్ మీద నీరు నిలిపితే ఇంధనం ఆదా చేయాలన్న ఉద్దేశమే దెబ్బతింటుంది. అందుచేత పిస్టన్‌కూ సిలిండరు గోడకూ మధ్య సందు నిజంగానే తగ్గాలి. స్కాట్లండులోని కినీల్ వద్ద వాట్ నిర్మించిన ప్రయోగ యంత్రం సంవత్సరాల తరబడి సంతృప్తికరంగా నడవకపోవడానికి సిలిండరు లోపం ఒక ప్రధాన కారణం. ఇంతటి కచ్చితత్వంతో ఈ యంత్రాన్ని చేయగల పనిముట్లు గాని పనివారు గాని లేరని జాన్ స్మీటన్ అభిప్రాయపడినట్లు ప్రసిద్ధి. స్మీటన్ స్వయంగా కారన్ ఇనుప కర్మాగారానికి బోరింగు యంత్రాన్ని రూపొందించినవాడు. కనుక ఆ అభిప్రాయాన్ని వృత్తి అనుభవం గల ఇంజనీరు అంచనాగా తీసుకోవాలి.

నాటి బోరింగు పద్ధతిలోని లోపం స్పష్టమైనది. పొడవైన కడ్డీ చివర కోత ఉలులున్న తల ఉండేది. కడ్డీకి ఒక కొసనే ఆధారం. రెండో కొసన ఉన్న తల, పోత రంధ్రపు అడుగుభాగం మీదనే ఆనుకొని ముందుకు సాగేది. పోత వంకరగా ఉంటే కోత కూడా ఆ వంకరనే అనుసరించేది. రంధ్రం నునుపు దేరేది గాని తిన్నగా అయ్యేది కాదు.

విల్కిన్సన్ 1774 జనవరిలో ఫిరంగులను గట్టి దిమ్మె నుండి తొలిచే పద్ధతికి పేటెంట్ పొందాడు. అందులో ఫిరంగి తిరుగుతుంది, ఉలి ముందుకు జరుగుతుంది. ఈ పేటెంట్ 1779లో రద్దయింది. వేల్స్‌లోని బెర్షాం కర్మాగారంలో 1775లో ఆయన నిర్మించిన సిలిండరు బోరింగు యంత్రం ఇంకొక అడుగు ముందుకు వేసింది. సిలిండరుకు రెండు వైపులా తెరిచి ఉండడం ఆయనకు కలిసివచ్చింది. కడ్డీని సిలిండరు గుండా పోనిచ్చి, దానికి రెండు కొసల్లోనూ ఆధారాలు ఇచ్చాడు. కోత తల ఆ కడ్డీ వెంబడి జరుగుతుంది. ఇప్పుడు కోతకు మార్గం చూపేది పోత వంకర కాదు, కడ్డీ సరళరేఖ. నేటి బోరింగు బారులో కూడా ఉన్నది ఇదే సూత్రం. ఈ యంత్రానికి విల్కిన్సన్ ప్రత్యేక పేటెంట్ తీసుకోలేదు.

టిప్టన్ వద్ద నెలకొల్పిన 50 అంగుళాల వ్యాసం గల సిలిండరులో ఏ చోటనైనా తేడా ఒక పాత షిల్లింగు నాణెపు మందానికి మించలేదని మాథ్యూ బౌల్టన్ సంతృప్తితో రాశాడు. ఆ మందాన్ని అంగుళంలో ఇరవయ్యో వంతుగా లెక్కిస్తే, తేడా వ్యాసంలో సుమారు వెయ్యో వంతు అవుతుంది. పీచు, కొవ్వు కలిపి పిస్టన్ చుట్టూ కూరితే ఆ సందు మూసుకుపోతుంది. ఆ తరవాత సుమారు రెండు దశాబ్దాల పాటు బౌల్టన్-వాట్ యంత్రాల సిలిండర్లలో అత్యధిక భాగం విల్కిన్సన్ కర్మాగారాల నుండే వచ్చాయి.

ఈ దశలో గుండ్రదనం అంటే కార్ఖానా బల్ల మీద, ఏ భారం లేకుండా, చల్లగా ఉన్న సిలిండరు గుండ్రదనం. మెల్లగా కదిలే పిస్టన్‌కు, వాతావరణ పీడనానికి దగ్గరగా ఉండే ఆవిరికి ఆ నిర్వచనం సరిపోయింది.

3. కదలని వస్తువులో రంధ్రం

అంతర్దహన యంత్రం వచ్చాక పరిస్థితి మారింది. 1876 నాటి ఒట్టో ఇంజన్ తరవాత వేగాలు, పీడనాలు, ఉష్ణోగ్రతలు పెరుగుతూ వచ్చాయి. పీచుకు బదులు ఇనుప రింగులు వచ్చాయి. రింగు కొంతమేరకు సాగి గోడకు అంటుకుంటుంది గాని, గోడ గబుక్కున లోపలికో వెలుపలికో ఒంగితే దానిని అనుసరించలేదు.

మోటారు వాహనాల తొలి దశలో సిలిండర్లను విడివిడిగానో జంటలుగానో పోతపోసి క్రాంక్‌కేసు మీద అమర్చేవారు. బహుళ సిలిండర్ల పోతకు ఆకారం సౌష్ఠవంగా ఉండదు. దానిని తరిమెన మీద గుండ్రంగా తిప్పి లోపల సానపట్టడం కష్టం. అమెరికాలోని వూస్టర్ నగరానికి చెందిన జేమ్స్ హీల్డ్ 1905లో రూపొందించిన సిలిండరు గ్రైండరు దీనికి పరిష్కారం చూపింది. వస్తువు కదలకుండా ఉంటుంది. సానచక్రం తన చుట్టూ తాను తిరుగుతూ, గ్రహం సూర్యుని చుట్టూ తిరిగినట్లు రంధ్రపు అక్షం చుట్టూ కూడా తిరుగుతుంది.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్-టి కారులో నాలుగు సిలిండర్లనూ ఒకే దిమ్మెగా పోసి, హెడ్డును విడిగా చేసి బోల్టులతో బిగించారు. పోత, కోత, అమరిక మూడూ దీనితో సులభమయ్యాయి. హెడ్డు విడిపోవడం వల్ల సిలిండరు పైకొస తెరుచుకొని, విల్కిన్సన్‌కు కలిసివచ్చిన సౌకర్యమే మళ్లీ దక్కింది. కాని అదే మార్పు ఒక కొత్త సమస్యకు బీజం వేసింది. ఆ హెడ్డును బిగించే బోల్టులు సిలిండరు గోడలకు పక్కనే ఉన్న ఇనుమును పైకి లాగుతాయి. తక్కువ శక్తి గల మోడల్-టిలో ఈ లాగుడు ఎవరినీ బాధించలేదు. అర్ధ శతాబ్దం తరవాత పందెపు ఇంజన్లలో అది ముఖ్య సమస్యగా మారింది.

1920ల నుండి హోనింగు వ్యాప్తిలోకి వచ్చింది. సానరాళ్లను పట్టుకున్న తల సిలిండరులో తిరుగుతూ, అదే సమయంలో పైకీ కిందికీ కదులుతుంది. రాళ్లు వెలుపలికి ఒత్తుతూ ఎత్తుగా ఉన్న చోట్లను ముందుగా అరగదీస్తాయి. 1924లో జోసెఫ్ సన్నెన్ అమెరికాలోని సెయింట్ లూయీలో స్థాపించిన సంస్థ తరవాతి కాలంలో ఈ పరికరాలకు పర్యాయపదమైంది. బోరింగుకూ హోనింగుకూ ఉన్న భేదాన్ని ఇక్కడ గుర్తించాలి. రంధ్రం ఎక్కడ ఉండాలో, ఏ దిశలో ఉండాలో నిర్ణయించేది బోరింగు. హోనింగు తల ఉన్న రంధ్రాన్నే అనుసరిస్తుంది కనుక దాని స్థానాన్ని మార్చలేదు, గుండ్రదనాన్నీ ఉపరితలాన్నీ మాత్రమే చక్కదిద్దుతుంది. ఒకదాని తప్పును రెండోదానితో దిద్దడం సాధ్యం కాదు.

4. ఉన్న బ్లాకుకు లేని శక్తి: ఫోర్డ్ వి-8

1932లో ఫోర్డ్ సంస్థ ఎనిమిది సిలిండర్లనూ క్రాంక్‌కేసునూ కలిపి ఒకే పోతగా పోసిన వి-8 ఇంజన్‌ను సామాన్యులు కొనగలిగే ధరలో అందించింది. దాని పరిమాణం 221 ఘనపు అంగుళాలు, శక్తి 65 అశ్వశక్తి. సిలిండరు వ్యాసం మూడు అంగుళాల మీద పదహారో వంతు మాత్రమే ఎక్కువ. పిస్టన్ నడక మూడుంబావు అంగుళాలకు మరో అర అంగుళం కలిపినంత, అంటే 3.75 అంగుళాలు.

దక్షిణ కాలిఫోర్నియాలోని యువకులు పాత ఫోర్డ్ కార్లను తేలికచేసి, ఎండిన సరస్సుల మైదానాల్లో వేగ పరీక్షలు నిర్వహించుకునేవారు. 1937లో దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. 1948లో హాట్ రాడ్ పత్రిక మొదలైంది. 1949లో బోన్విల్ ఉప్పు మైదానంలో పోటీలు ఆరంభమయ్యాయి. కార్ఖానాలో తయారైన బ్లాకును మళ్లీ కోసి, దాని రూపకర్తలు తలపెట్టని శక్తికి సిద్ధం చేసే వృత్తి ఈ సమాజంలో రూపుదిద్దుకుంది.

మెర్క్యురీ కారు కోసం 1939లో వచ్చిన బ్లాకులో సిలిండరు వ్యాసం 3.1875 అంగుళాలు. దానిని మరో ఎనిమిదో వంతు అంగుళం పెంచి 3.3125 అంగుళాలకు తొలవడం, 4 అంగుళాల నడక గల తరవాతి మెర్క్యురీ క్రాంక్‌షాఫ్టును అమర్చడం ప్రసిద్ధమైన కలయిక. ఈ రెంటితో పరిమాణం 276 ఘనపు అంగుళాలకు చేరుతుంది.

లెక్కలో తేలికగా కనిపించే ఈ పని ఇనుములో ప్రమాదకరం. వ్యాసంలో ఎనిమిదో వంతు పెంచడమంటే ప్రతి గోడ నుండి పదహారో వంతు ఇనుమును తీసివేయడం. గోడ మందం అంతటా సమానంగా ఉంటే ఇది భరించదగినదే. కాని నీటి దారులను ఏర్పరచే ఇసుక కోర్లు పోత సమయంలో కాస్త పక్కకు జరుగుతాయి. అప్పుడు సిలిండరు గోడ ఒక పక్క మందంగా, ఎదుటి పక్క పలుచగా వస్తుంది. బయటికి ఈ తేడా కనబడదు. బోరు చేస్తుండగా నీటి దారి బయటపడితే ఆ బ్లాకు వృథా, లేదా స్లీవు వేయాలి. పలుచని గోడ మిగిలితే మరింత నష్టం. అది వెంటనే పగలకుండా పీడనానికి ఒంగుతూ, రింగులను దాటి వాయువును కిందికి వదులుతుంది.

పైగా ఈ ఇంజన్లో ఎగ్జాస్టు దారులు బ్లాకు గుండానే పోతాయి. వేడి దిమ్మెలోనే చిక్కుకుంటుంది. కవాటాల పీఠాల చుట్టూ పగుళ్లు సాధారణం. అందుచేత ఖర్చుపెట్టే ముందు బ్లాకును శుభ్రంచేసి పగుళ్లు వెతకడం ఈ వృత్తిలో తొలి నియమమైంది. అయస్కాంతీకరించిన ఇనుము మీద ఇనుపపొడి చల్లితే పగులు వెంట ఆ పొడి గీతగా పేరుకుంటుంది. గోడ మందాన్ని అతిధ్వని తరంగాలతో కొలిచే పద్ధతి తరవాత వచ్చి చేరింది. మంచి బ్లాకును ఎంచుకోవడమే తయారీలో మొదటి మెట్టు అన్న గ్రహింపు ఈ దశ అందించిన చారిత్రక ఫలితం.

5. గోడ బలం: క్రైస్లర్ హెమీ, 1964

క్రైస్లర్ సంస్థ 426 ఘనపు అంగుళాల హెమీ ఇంజన్‌ను 1964 ఫిబ్రవరి 23న జరగబోయే డేటోనా 500 పందెం కోసం త్వరత్వరగా సిద్ధం చేసింది. సిలిండరు వ్యాసం 4.25 అంగుళాలు, నడక 3.75 అంగుళాలు. ఓర్పు పరీక్షల్లో సిలిండరు గోడలు పగిలాయి. గడువు వారాల్లోనే ఉంది. సంస్థ మందమైన గోడలతో కొత్త బ్లాకులను పోయించి, తొలిచి పందెానికి పంపింది. రిచర్డ్ పెట్టీ ఆ పందెం గెలిచాడు. మొదటి మూడు స్థానాలూ హెమీ ఇంజన్లు గల ప్లిమత్ కార్లకే దక్కాయి.

పగుళ్లు ఎందుకు వస్తాయో వివరించవచ్చు. మండే వాయువు పిస్టన్‌ను కిందికి నెట్టేటప్పుడు కనెక్టింగ్ రాడ్ ఏటవాలుగా ఉంటుంది. అందువల్ల ఆ బలంలో కొంత భాగం పిస్టన్‌ను గోడకు అదిమి పట్టుకుంటుంది. ప్రతి శక్తి దశలోనూ అదే గోడ అదే పక్క దెబ్బ తింటుంది. పందెపు వేగంలో ఇది సెకనుకు పదుల సార్లు జరుగుతుంది. గోడ ఒంగి మళ్లీ యథాస్థితికి వచ్చే ఈ ఆవృత్తిలో లోహం అలసిపోతుంది.

ఇదే ఇంజన్లో క్రాంక్‌షాఫ్టును పట్టే మధ్య మెయిన్ క్యాపులను కింది నుండే కాక బ్లాకు పక్కల నుండి కూడా అడ్డ బోల్టులతో బిగించారు. సిలిండర్లు ఎంత గుండ్రంగా ఉన్నా, కింద క్రాంక్‌షాఫ్టు పీఠాలు కదులుతుంటే ప్రయోజనం లేదు. బ్లాకు మొత్తం ఒకే నిర్మాణమన్న అవగాహన ఈ ఏర్పాటులో కనిపిస్తుంది.

6. బిగించిన బ్లాకు: టార్క్ ప్లేటు తర్కం

పందెపు ఇంజన్లను సిద్ధం చేసే కార్ఖానాల్లో స్థిరపడిన క్రమాన్ని గమనిస్తే పై అనుభవాలన్నీ అందులో నిక్షిప్తమై కనిపిస్తాయి. ముందుగా శుభ్రత, పగుళ్ల పరీక్ష, గోడల మందం కొలత. ఆ తరవాత మెయిన్ క్యాపులను నిర్ణీత టార్కుతో బిగించి, వాటి రంధ్రాలన్నీ ఒకే సరళరేఖలోకి వచ్చేలా లైన్ హోనింగు. ఆ రేఖే మిగిలిన కొలతలన్నిటికీ ఆధారం. దానికి సమాంతరంగా బ్లాకు పైతలాన్ని చదును చేస్తారు. దానికి లంబంగా సిలిండర్లను బోరు చేస్తారు. హోనింగు కోసం అంగుళంలో కొన్ని వేల వంతుల ఇనుమును మిగిల్చి ఉంచుతారు. ఈ క్రమాన్ని తారుమారు చేస్తే ముందు చేసిన పని తరవాతి పనివల్ల చెడుతుంది. పాత సిలిండరునే ఆధారంగా తీసుకొని బోరు చేస్తే, అరిగి వంకరైన రంధ్రం కొత్త రంధ్రానికి దారి చూపుతుంది. ఇది విల్కిన్సన్‌కు పూర్వపు తప్పిదమే.

చివరి హోనింగుకు ముందు బ్లాకు మీద ఒక మందపాటి లోహపు పలకను అమర్చుతారు. దానిలో సిలిండర్లకు సరిగ్గా ఎదురుగా రంధ్రాలుంటాయి. ఇంజన్‌లో వాడబోయే గ్యాస్కెట్టును, అదే రకం బోల్టులను వాడి, హెడ్డును బిగించే టార్కుతోనే ఈ పలకను బిగిస్తారు. దీనినే టార్క్ ప్లేటు అంటారు. హెడ్డు బిగించినప్పుడు బ్లాకు ఎలా వంగుతుందో ఈ పలక కూడా సుమారుగా అలాగే వంచుతుంది. బోల్టుల దగ్గర ఇనుము పైకి లాగబడి, సిలిండరు గోడ కొన్ని చోట్ల లోపలికి, కొన్ని చోట్ల వెలుపలికి జరుగుతుంది. ఈ తేడా అంగుళంలో వెయ్యో వంతుకు చేరడం అరుదు కాదు. ఆ వంగిన స్థితిలోనే హోనింగు చేసి రంధ్రాన్ని గుండ్రంగా మారుస్తారు.

పలక తీసివేసిన వెంటనే ఆ రంధ్రం గుండ్రదనాన్ని కోల్పోతుంది. బల్ల మీద కొలిస్తే తప్పుగా కనిపిస్తుంది. హెడ్డు బిగించాక మళ్లీ గుండ్రంగా అవుతుంది. కొలత చూపిన తప్పును తప్పుగా భావించకుండా, భవిష్యత్ స్థితికి చేసిన సన్నాహంగా గుర్తించడం ఇక్కడి మౌలికమైన మార్పు. గుండ్రదనం వస్తువుకు స్వతహాగా ఉన్న గుణం అన్న అభిప్రాయం పోయి, అది ఆ వస్తువు ఉన్న స్థితిని బట్టి ఏర్పడే గుణం అన్న అభిప్రాయం వచ్చింది. 50 అంగుళాల్లో వెయ్యో వంతు తేడాతో సంతోషించిన బౌల్టన్ కాలానికీ, 4.25 అంగుళాల రంధ్రంలో అంగుళపు పదివేల వంతుల్లో అయిదింటికి, అంటే వ్యాసంలో సుమారు 8,500వ వంతుకు, ఆక్షేపించే కాలానికీ మధ్య ఉన్న దూరం సంఖ్యల్లో కన్నా ఈ అభిప్రాయ భేదంలో ఎక్కువగా ఉంది.

7. నునుపు ఎంత కావాలి?

గుండ్రంగా ఉన్న గోడ అద్దంలా నునుపుగా ఉంటే మేలన్నది సహజమైన ఊహ. అనుభవం దానిని నిరాకరించింది. మరీ నునుపైన గోడ మీద నూనె నిలవదు. మరీ గరుకైన గోడ రింగులను అరగదీస్తుంది. హోనింగు తల తిరుగుతూ పైకీ కిందికీ కదలడం వల్ల గోడ మీద ఒకదానినొకటి కోసుకునే ఏటవాలు గీతలు పడతాయి. ఆ గీతల లోయల్లో నూనె నిలుస్తుంది. వాటి శిఖరాలను తరవాత సన్నని రాళ్లతో కొద్దిగా కొట్టివేస్తే, రింగుకు చదునైన పీఠభూమి, నూనెకు లోయ రెండూ దక్కుతాయి. దీనినే ప్లాటో హోనింగు అంటారు.

ఈ జ్ఞానం చాలాకాలం చేతి స్పర్శలోనూ కంటి చూపులోనూ ఉండేది. 1933లో అబట్, ఫైర్‌స్టోన్ అనే పరిశోధకులు ఉపరితలంలో ఏ ఎత్తు వద్ద ఎంత భాగం లోహమో చూపే వక్రరేఖను ప్రతిపాదించారు. ఆ రేఖ ఆధారంగా శిఖరం, మధ్యభాగం, లోయ అనే మూడింటినీ వేర్వేరు సంఖ్యలతో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం 1996లో వచ్చింది. పనివాని వేలికొస గుర్తించిన భేదం పత్రంపై రాయదగిన సంఖ్యగా మారడానికి ఆరు దశాబ్దాలు పట్టింది. నైపుణ్యం ముందు, సిద్ధాంతం తరవాత అన్న క్రమానికి ఇది చక్కని ఉదాహరణ.

8. పాత ఇనుము విలువ: మ్యూనిక్, 1983

బి.ఎం.డబ్ల్యు. సంస్థ 1962లో అమ్మడం మొదలుపెట్టిన 1500 కారులోని ఇంజన్‌ను అలెక్స్ ఫాన్ ఫాల్కెన్‌హౌసెన్ రూపొందించాడు. పోత ఇనుప బ్లాకు, నాలుగు సిలిండర్లు, 82 మిల్లీమీటర్ల వ్యాసం, 71 మిల్లీమీటర్ల నడక, సుమారు 1.5 లీటర్ల పరిమాణం, 80 అశ్వశక్తి. భవిష్యత్తులో పరిమాణం పెంచడానికి వీలుగా ఆయన బ్లాకులో చోటు విడిచిపెట్టాడు.

ఇరవయ్యేళ్ల తరవాత పాల్ రోషె బృందం ఆ బ్లాకు ఆధారంగానే ఫార్ములా వన్ టర్బో ఇంజన్‌ను నిర్మించింది. పోటీ నిబంధనల ప్రకారం టర్బో ఇంజన్ పరిమాణం 1.5 లీటర్లకు మించరాదు. కాబట్టి వ్యాసాన్ని 89.2 మిల్లీమీటర్లకు పెంచి, నడకను 60 మిల్లీమీటర్లకు తగ్గించారు. పరిమాణం మారలేదు, శక్తి మారింది. 1983లో ఈ ఇంజన్ గల బ్రాభమ్ కారుతో నెల్సన్ పికే ప్రపంచ విజేత అయ్యాడు. టర్బో ఇంజన్‌తో ఆ కిరీటం దక్కడం అదే మొదటిసారి. నాటి పోటీ స్థితిలో ఇంజన్ శక్తి సుమారు 640 అశ్వశక్తి. అంటే 1962 నాటి కారుకు ఎనిమిది రెట్లు.

ఆ బ్లాకు మోసిన భారాన్ని ఒక సరళమైన లెక్కతో ఊహించవచ్చు. 89.2 మిల్లీమీటర్ల పిస్టన్ పైభాగపు వైశాల్యం సుమారు 62.5 చదరపు సెంటీమీటర్లు. సిలిండరులో పీడనం 100 బార్ అనుకుంటే ఒక్కొక్క పిస్టన్ మీద ఆరు టన్నులకు పైగా బలం పడుతుంది. అంతే బలం హెడ్డును పైకి ఎగదన్నుతుంది. బ్లాకు ఆ రెంటి మధ్య నిలబడాలి.

ఈ ఇంజన్ కోసం కొత్త బ్లాకుల కన్నా లక్ష కిలోమీటర్లు తిరిగిన కార్ల బ్లాకులను ఇష్టపడ్డారన్నది పందెపు చరిత్రలో విస్తృతంగా చెప్పే విషయం. దాని చుట్టూ ఆరుబయట ఎండకూ వానకూ బ్లాకులను వదిలేసిన కథలు, మరికొన్ని హాస్యపు కల్పనలు కూడా అల్లుకున్నాయి. చరిత్రకారుడు కథను కొట్టివేయకుండా, దానిలోని లోహశాస్త్రాన్ని వేరుచేసి చూడాలి. పోత చల్లారేటప్పుడు పలుచని భాగాలు ముందు, మందమైన భాగాలు వెనుక గట్టిపడతాయి. ఈ తేడావల్ల దిమ్మెలో అంతర్గత ఒత్తిడి చిక్కుకుంటుంది. తరవాత ఒకచోట ఇనుమును కోసివేస్తే ఆ ఒత్తిడి సమతౌల్యం చెదిరి మిగిలిన భాగం వంగుతుంది. గుండ్రంగా తొలిచిన రంధ్రం కొన్నాళ్లకు తనంతట తానే ఆకారం మార్చుకోవడం ఇలాగే జరుగుతుంది.

యంత్రపరికరాలు తయారుచేసేవారు పూర్వం పోతలను నెలల తరబడి ఆరుబయట ఉంచి, ఆ తరవాతే తుది కోత కోసేవారు. వాతావరణపు ఉష్ణోగ్రత వల్ల తగ్గే ఒత్తిడి స్వల్పమని, 500 నుండి 600 డిగ్రీల సెల్సియస్ వద్ద కొలిమిలో ఉంచి మెల్లగా చల్లార్చడం ఎంతో ఫలవంతమని లోహశాస్త్రం తరవాత చెప్పింది. లక్ష కిలోమీటర్లు తిరిగిన బ్లాకు మాత్రం వానకు తడిసిన బ్లాకు వంటిది కాదు. అది వేలాది సార్లు వేడెక్కి చల్లారింది, ఎడతెగని కంపనాలను భరించింది. పగిలే గుణమున్న పోత ఆ ప్రయాణంలోనే పగిలి ఉండేది. కనుక పాత బ్లాకును ఎంచుకోవడంలో ఒత్తిడి సడలడం ఒక ప్రయోజనం కాగా, లోపాలున్న పోతలు ముందే ఏరివేయబడడం మరో ప్రయోజనం. ఫోర్డ్ బ్లాకులను పొడి చల్లి పరీక్షించిన కాలిఫోర్నియా యువకుల విచక్షణకూ దీనికీ ఉద్దేశంలో భేదం లేదు.

9. ముగింపు

విల్కిన్సన్ బల్ల మీద ఉన్న సిలిండరును గుండ్రంగా తొలిచాడు. టార్క్ ప్లేటు వాడినవారు బిగించిన సిలిండరును గుండ్రంగా సానపట్టారు. బ్లాకులో వేడినీటిని ప్రవహింపజేస్తూ హోనింగు చేసే పందెపు కార్ఖానాలు మరో అడుగు వేసి, పనిచేసే ఉష్ణోగ్రతను కూడా లెక్కలోకి తెచ్చాయి. ఇటీవలి ఉత్పత్తి కార్ఖానాల్లో ఫార్మ్ హోనింగు అనే పద్ధతి ఉంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు రంధ్రం ఎలా వంగుతుందో ముందే లెక్కించి, చల్లగా ఉన్నప్పుడు దానిని కావాలనే ఆ వంపుకు వ్యతిరేకమైన ఆకారంలో చేస్తారు. గుండ్రదనం కోసం చేసిన రెండు శతాబ్దాల ప్రయత్నం గుండ్రంగా లేని రంధ్రాన్ని ఉద్దేశపూర్వకంగా చేయడం దాకా వచ్చింది.

ఈ పరిశీలన వల్ల రెండు విషయాలు స్పష్టమవుతున్నాయి. మొదటిది, శక్తి పెరిగిన ప్రతి దశలోనూ అంతకు ముందు కచ్చితత్వంగా చెల్లిన దాని అర్థం చాలకపోయింది. వాట్ కండెన్సరు న్యూకొమెన్ నాటి సిలిండరును పనికిరానిదిగా చేసినట్లే, పందెపు పీడనాలు బల్ల మీది కొలతను చాలనిదిగా చేశాయి. రెండవది, ఆ అర్థాన్ని సవరించినవారు తరచుగా సిద్ధాంతకర్తలు కారు. పోత పోసేవారు, తొలిచేవారు, సానపట్టేవారు చేతిపనిలో దానిని ముందుగా గ్రహించారు. లోహశాస్త్రమూ ఉపరితల ప్రమాణాలూ తరవాత వచ్చి ఆ గ్రహింపులో నిలిచేదేదో, నిలవనిదేదో తేల్చాయి.

ఈ రెండో అంశం తెలుగునాట పరిశోధకులకు ఒక కర్తవ్యాన్ని సూచిస్తున్నది. మన పట్టణాల్లోని రీబోరింగు కార్ఖానాల్లో తరాలుగా పనిచేస్తున్నవారి దగ్గర ఏ బ్లాకును ఎంచాలి, ఏ గోడను నమ్మాలి, గీత ఏ కోణంలో పడితే ఇంజన్ నూనె తాగదు అన్న జ్ఞానం ఉంది. దానికి వారు వాడే తెలుగు మాటలున్నాయి. కంప్యూటరు నియంత్రిత యంత్రాలు, తిరిగి బోరు చేయడానికి వీలులేని పలుచని పూతల అల్యూమినియం బ్లాకులు ఆ వృత్తిని క్రమంగా కుదిస్తున్నాయి. విల్కిన్సన్ పనివారిలో ఒక్కరి మాట కూడా వాట్ పేరంతటి ప్రచారం పొందలేదు. మన కాలపు పనివారి మాటలనైనా వారు పనిలో ఉండగానే విని రాసుకోవడం సాంకేతిక చరిత్రకూ, భాషా పరిశోధనకూ ఒకేసారి మేలు చేస్తుంది.